ఎక్స్‌జెడ్ తర్వాత కూడా "సోర్స్ ఓపెన్ ఉంది, భయం లేదు" అనుడేనా?

కాజీపేట జంక్షన్:
మాది హన్మకొండ దిక్కు ఇంజనీరింగ్ కాలేజీ. వచ్చే సెమిస్టర్‌కు ల్యాబుల విండోస్ తీసేసి డెబియన్ లైనక్స్ పెడదామంటున్నరు మా హెచ్‌ఓడీ సార్. "సోర్స్ (ప్రోగ్రాం రాసిన కోడ్) అందరి ముందట్నే ఉంటది, బ్యాక్‌డోర్ (దొంగదారి) పెట్టుడు ఎవలతోని కాదు" అన్నరు. 2024 మార్చిల బయటపడ్డ ఎక్స్‌జెడ్ ముచ్చట (ఫైళ్లను కుదించే ఆ ప్రోగ్రాంల, దూరం నుంచి సర్వర్లల్ల లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్‌ల దూరేటందుకు ఎవడో బ్యాక్‌డోర్ పెట్టిండు) చదివినంక నాకు ఆ మాట నమ్మబుద్ధి అయితలేదు. మీరేమంటరు?

రూట్ వరంగల్:
సార్ మాటల తప్పేముంది తమ్మీ? దొంగ దొరికిండు గదా! ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను లేటయితున్నదని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ప్రోగ్రామర్ తవ్వుకుంట పోయి పట్టుకున్నడు. సోర్స్ మూసిపెట్టిన దాంట్ల బయటోనికి అంత లోపలికి పోయే దారే ఉండది. పైంగ డెబియన్ స్టేబుల్‌కు అది రానేలేదు, ఇంకా పరీక్షల ఉండే అన్‌స్టేబుల్, టెస్టింగ్ కాడనే ఆగింది.

మెట్టుగుట్ట:
అన్నా, ఫ్రాయిండ్ వెతికింది బ్యాక్‌డోర్ కోసం కాదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ స్పీడ్ కొలుస్తుంటే ఎస్‌ఎస్‌హెచ్‌డీ (ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ ప్రోగ్రాం) సీపీయూను ఎక్కువ తింటున్నట్టు కనిపించింది. ఆ కోడ్ ఇంకింత మంచిగ రాసి ఉంటే ఇయ్యాల కూడా మన సర్వర్లల్ల ఉండేది. ఇది కావలి కాదు, అదృష్టం.

ఇంకో సంగతి ఎవ్వరూ గట్టిగ చెప్తలేరు. జియా టాన్ పేరు పెట్టుకున్నోడు 2021 నుంచి ఎక్స్‌జెడ్‌కు బుద్ధిగ ప్యాచులు (కోడ్ మార్పులు) పంపిండు. అసలు మెయింటెయినర్ (ప్రాజెక్టు చూసుకునేటోడు) లాస్సె కొలిన్ ఒక్కడే, అలసిపోయి ఉన్నడు. "పని జల్ది అయితలేదు, వేరేటోళ్లకు ఇయ్యి" అని కొన్ని ముక్కుమొకం తెల్వని ఖాతాలు ఆయన మీద పడ్డయ్. చివరికి జియా టాన్ చేతికి తాళాలొచ్చినయ్. బ్యాక్‌డోర్ ఉన్న 5.6.0, 5.6.1 వెర్షన్లు అట్ల వచ్చినయే. "అందరి ముందట" ఉన్న ప్రాజెక్టును చూస్తున్నది నిజానికి ఒక్క మనిషి!

యూనిక్స్ మాస్టారు:
మీ ఇద్దరికీ ఒక విషయం గుర్తు చేస్తాను. సోర్స్ చూసినంత మాత్రాన నమ్మలేమని 1984లోనే యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకరైన కెన్ థాంప్సన్ చెప్పారు. లాగిన్ ప్రోగ్రాం సోర్సూ, కంపైలర్ (సోర్స్‌ను యంత్రం నడిపే బైనరీగా మార్చే ప్రోగ్రాం) సోర్సూ రెండూ శుభ్రంగా ఉన్నా, పాత కంపైలర్ బైనరీయే దొంగదైతే బ్యాక్‌డోర్ తరతరాలుగా వస్తూనే ఉంటుంది. అందుకే డెబియన్ వారు రీప్రొడ్యూసిబుల్ బిల్డ్స్ మీద ఇన్నేళ్లుగా పనిచేస్తున్నారు. అదే సోర్స్‌తో ఎవరు బిల్డ్ చేసినా బిట్టు బిట్టూ కలిసే బైనరీ రావాలి. విశ్వాసం సంగతి పక్కన పెట్టండి, సరిచూసే వీలు ఉందా లేదా చూడండి.

మెట్టుగుట్ట:
సార్, మీరంటే గౌరవమే గానీ, ఎక్స్‌జెడ్‌ను అది పట్టకపోతుండె. బ్యాక్‌డోర్‌ను లేపే ఎం4 స్క్రిప్ట్ (బిల్డ్ టైంల వాడేది) గిట్‌ల (కోడ్ మార్పులు అందరికీ కనిపించే చోటు) లేదు, రిలీజ్ టార్‌బాల్‌ల (విడుదలకు కట్టిన ఫైళ్ల మూట) మాత్రమే ఉంది. అసలు సరుకేమో టెస్ట్ ఫైళ్ల పేరు మీద దాక్కుంది. అదే టార్‌బాల్‌తోని ఎందరు బిల్డ్ చేసినా అందరికీ అదే దొంగ బైనరీ వస్తది, బిట్టు బిట్టూ కలుస్తది కూడా. ల్యాబుల పాసైన పత్తి విత్తనం ఒకటి, రైతు చేతికొచ్చిన ప్యాకెట్‌ల గింజ ఇంకొకటి అయినట్టు. నకిలీ విత్తనాల సంగతి మన జిల్లాలోళ్లకు వేరే చెప్పాల్నా?

యూనిక్స్ మాస్టారు:
ఒప్పుకుంటాను. సోర్స్ నుంచి బైనరీ దాకా ఉన్న దారికే అది హామీ. గిట్ నుంచి టార్‌బాల్ దాకా ఉన్న దారి దాని పరిధిలోకి రాదు.

రూట్ వరంగల్:
అయితే ఓపెన్‌బీఎస్‌డీ (ఇంకో ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టం) సంగతి చెప్పుర్రి. 2010 డిసెంబర్‌ల ఒక పాత కాంట్రాక్టర్, దాని ఐపీసెక్‌ల (నెట్‌వర్క్ డేటాను గుప్తం చేసే కోడ్) అమెరికా ఎఫ్‌బీఐ బ్యాక్‌డోర్లు పెట్టించిందని, ఆ ప్రాజెక్టు నడిపే థియో డి రాట్‌కు మెయిల్ రాసిండు. థియో దాన్ని దాయకుంట అందరి ముందట పెట్టిండు. జనం కోడ్ మీద పడ్డరు, బగ్గులు దొరికినయ్, బ్యాక్‌డోర్‌కు రుజువు దొరకలే. గసొంటి ఆరోపణ మూసిన సాఫ్ట్‌వేర్ మీద వస్తే కంపెనీ ప్రకటన చదువుకోవాలె, అంతే.

మెట్టుగుట్ట:
రుజువు దొరకకపోతే లేనట్టేనా? ఒక డెబియన్ ప్యాకేజర్ 2006ల ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ల (డేటాను గుప్తం చేసే కోడ్) లైన్లు తీసేస్తే, ర్యాండమ్ నంబర్ల బలం పోయి రహస్య కీలు ఊహించేటట్టు అయినయ్. అది కుట్ర కాదు, పొరపాటే. బయటపడేసరికి 2008 మే వచ్చింది. సోర్స్ అన్ని దినాలు తెరిచే ఉంది.

రూట్ వరంగల్:
మరి విండోసే ఉంచుమంటవా? తమ్మీ, ముందుగాల మీ ల్యాబుల విండోస్‌కు కొట్టిన యాక్టివేటర్ (లైసెన్స్ కొనకుంట నడిపే దొంగ ప్రోగ్రాం) ఎవడు రాసిండో అడుగు!

కాజీపేట జంక్షన్:
అది అడిగితే ఇంటర్నల్స్ పోతయ్ అన్నా 😄

మెట్టుగుట్ట:
ఉంచుమని నేనన్లే. డెబియన్ స్టేబుల్ పెట్టుర్రి, ఎస్‌ఎస్‌హెచ్ క్యాంపస్ బయటికి తెరవకుర్రి. సార్ చెప్పిన కారణమే నాకు నచ్చలే.

కాజీపేట జంక్షన్:
ఒక్కో ప్యాకేజీ గిట్‌కూ టార్‌బాల్‌కూ తేడా తీసుడు మినీ ప్రాజెక్టుగ పెట్టుకోవచ్చా?

మెట్టుగుట్ట:
పెట్టుకో. కాకపోతే ఆటోటూల్స్ (బిల్డ్ ఫైళ్లను తయారుచేసే పనిముట్లు) వాడే ప్యాకేజీలల్ల కాన్ఫిగర్ ఫైలు సాధారణంగ గిట్‌ల ఉండది, టార్‌బాల్‌ల వేల లైన్లు ఉంటది. తేడా తీస్తే అదంతా మీదికి వస్తది. జియా టాన్ స్క్రిప్ట్ దాక్కున్నది ఆ కుప్పలనే. ఆ ఫైళ్లను నువ్వే మళ్లా తయారుచేసి పోల్చు, అప్పుడు చదవాల్సింది తక్కువైతది.