ఎయిర్ ఫ్రయ్యర్‌లో బ్రౌనీ: ఓటీజీ లేకుండా సరిగ్గా వస్తుందా, రాదా?

బెజవాడ వంటిల్లు
మా ఇంట్లో 4 లీటర్ల ఎయిర్ ఫ్రయ్యర్ ఉంది, ఓటీజీ (ఓవెన్, టోస్టర్, గ్రిల్ కలిసి ఉండే కరెంటు పెట్టె) లేదు. పిల్లల కోసం అందులోనే బ్రౌనీ చేస్తున్నాను. ఇంట్లో అందరూ ఇష్టంగానే తింటారు, కానీ పైన గట్టిగా పెచ్చు కడుతుంది, మధ్యలో మాత్రం కాస్త పచ్చిగా ఉంటుంది. బేకింగ్ నేర్పే ఒకావిడను అడిగితే, "ఎయిర్ ఫ్రయ్యర్‌లో ఎంత చేసినా అంతే. బ్రౌనీకి కింది నుంచి వేడి కావాలి, ఓటీజీ కొనుక్కోండి" అన్నారు. మా వంటగట్టు మీద ఇంకో పెట్టెకు చోటు లేదు. డబ్బు సంగతీ ఆలోచించుకోవాలి. నిజంగా ఇది మెషీన్‌లోనే ఉన్న లోపమా? లేక నేను చేసే పద్ధతి మార్చుకుంటే సరిపోతుందా?

రెండు రాడ్లు
ఆవిడ చెప్పింది నిజమేనండి. నేను ఇంట్లో కేకులు చేసి అమ్ముతాను, రెండు రకాల మెషీన్లూ వాడాను. ఎయిర్ ఫ్రయ్యర్‌లో వేడి పుట్టించే కాయిల్ పైన ఉంటుంది, దాని పైనే ఫ్యాన్. అంటే వేడి నేరుగా పిండి నెత్తిన పడుతుంది. లోపలి పిండి ఇంకా కదలకముందే పైభాగం ఆరిపోయి మూతలా బిగుసుకుంటుంది. తర్వాత లోపలి ఆవిరి దాన్ని పైకి తోస్తుంది, అప్పుడే పగుళ్లు వస్తాయి. మీకు వస్తున్నది సరిగ్గా ఇదే. ఓటీజీలో వేడినిచ్చే పై రాడ్, కింది రాడ్ విడివిడిగా వాడుకోవచ్చు. ముందు కింద, చివర్లో రెండూ. ఆ వెసులుబాటు ఎయిర్ ఫ్రయ్యర్‌లో లేదు. చికెన్ వేపుడుకు, కూరగాయలకు అది మంచి పరికరమే, కాదనను. బేకింగ్‌కు మాత్రం సరిపడదు.

మైదా కోకో
రెండు రాడ్లు గారూ, మీరు చెప్పిన లక్షణాలు నిజం. కారణం మాత్రం అది కాదని నా అభిప్రాయం. ఎయిర్ ఫ్రయ్యర్ అంటే చిన్న కన్వెక్షన్ ఓవెన్. ఫ్యాన్ తిప్పే వేడి గాలి బుట్ట గోడల వెంట దిగి, అడుగు జాలీ కిందుగా తిరిగి పైకి వస్తుంది. ఆ దారి మూసుకుపోతేనే కింద వేడి అందదు. చాలామంది బుట్టకు సరిగ్గా పట్టే టిన్ను కొంటారు, ఎక్కువ పిండి పడుతుందని. అలా చేస్తే అడుక్కి గాలి వెళ్లే సందే ఉండదు. టిన్ను చుట్టూ కనీసం వేలు దూరేంత ఖాళీ ఉండాలి. ముందు బుట్ట అడుగు కొలవండి. 6 అంగుళాల చదరపు టిన్ను మూలలు గోడలకు తగులుతుంటే 6 అంగుళాల గుండ్రటిది తీసుకోండి. పల్చటి అల్యూమినియం ఉత్తమం. గాజు, సిలికాన్ నెమ్మదిగా వేడెక్కుతాయి, అడుగు పచ్చిగా ఉండటానికి చాలాసార్లు కారణం అవే.

రెండోది పిండి కొలత. వంటల వీడియోల్లో, పుస్తకాల్లో ఎక్కువగా 8 అంగుళాల చదరపు టిన్నుకు కొలతలు ఇస్తారు. దాని వైశాల్యం 64 చదరపు అంగుళాలు, 6 అంగుళాల దానిది 36. అంటే సగానికి కాస్త ఎక్కువ. మొత్తం పిండిని చిన్న టిన్నులో పోస్తే లోతు దాదాపు రెట్టింపవుతుంది. అంత లోతు పిండి ఓటీజీలో పెట్టినా మధ్యలో ఉడకదు! కొలతలు సగం చేసుకోండి. గుండ్రటి టిన్ను 28 చదరపు అంగుళాలే వస్తుంది కాబట్టి ఆ సగంలోనూ కొంచెం మిగల్చండి.

మూడోది ఉష్ణోగ్రత. మామూలు ఓవెన్‌కు 180 డిగ్రీలని రాస్తే, ఫ్యాన్ ఉన్నదానికి 20 తగ్గించడం ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. ఎయిర్ ఫ్రయ్యర్‌లో కాయిల్ మరీ దగ్గర కాబట్టి నేను 150 మీద పెడతాను. బెజవాడ వంటిల్లు గారూ, మీరు ఎంత మీద పెడుతున్నారు?

బెజవాడ వంటిల్లు
180 మీదే పెడుతున్నానండి. టిన్ను గాజుది. కొలతలు కూడా 8 అంగుళాల వంటకానివే. మీరు చెప్పిన మూడూ నా దగ్గర ఉన్నాయి.

సీతమ్మ పిన్ని
అమ్మాయీ, కింది వేడి లేకపోతే బ్రౌనీ రాదన్న మాట నాకు సగమే నిజం అనిపిస్తోంది. ఓటీజీలు లేని రోజుల్లో మేము కుక్కర్‌లో ఇసుక పోసి, గ్యాస్కెట్, విజిల్ తీసేసి, లోపల స్టాండు మీద గిన్నె పెట్టి కేకు చేసేవాళ్లం. ఇసుక దొరక్కపోతే ఉప్పు. అందులో వేడి దాదాపు అంతా కిందిదే. కేకు చక్కగా ఉడికేది, కానీ పైన తెల్లగా, జిగటగా ఉండిపోయేది. అదే మా గోదావరి వైపు పాతకాలపు దిబ్బరొట్టె చూడండి, కింద సన్నని నిప్పు, మూత మీద కూడా నిప్పులు. రెండు వైపుల నుంచీ కాలితేనే దానికి ఆ రంగు, ఆ రుచి. ఏ పరికరమైనా రెండు వైపులా వేడి అందేలా చూసుకోవడం చేసేవాళ్ల చేతిలో ఉంది. ఆ సూత్రం తెలిస్తే ఇంట్లో ఉన్నదానితోనే పని జరుగుతుంది. కొత్త పెట్టె కొనమని ఎవరు చెప్పినా తొందరపడకు.

రెండు రాడ్లు
పిన్నిగారూ, మీ మాట మీద గౌరవం ఉంది. కానీ సాదా కేకు వేరు, బ్రౌనీ వేరు. బ్రౌనీకి అందం పైనుండే ఆ పల్చటి మెరిసే పొర. కత్తి పెట్టగానే పలకలు పలకలుగా విరగాలి, కింద మెత్తగా, ముద్దగా ఉండాలి. ఎయిర్ ఫ్రయ్యర్‌లో పైభాగం మాడకూడదని అందరూ ఫాయిల్ కప్పమంటారు. ఫాయిల్ కప్పితే ఆవిరి లోపలే ఉండిపోయి ఆ పొర రాదు. కప్పకపోతే మాడుతుంది. ఈ రెండింటి మధ్య మీరు ఏం చేస్తారు, మైదా కోకో గారూ? ఇది నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను.

మైదా కోకో
చాలా మంచి ప్రశ్న. ఫాయిల్ మొదట కప్పమని చెప్పేవాళ్లతో నేను ఏకీభవించను. ఆ మెరిసే పొర పంచదార, గుడ్లు కలిసి చేసే పని. పంచదార గుడ్డులో కరిగి, బాగా గిలక్కొట్టినప్పుడు పైకి తేలే పల్చటి నురగ ఆరి పొరగా మారుతుంది. అది ఆరాలంటే మొదట్లో తెరిచే ఉంచాలి. ఇక్కడ ఎయిర్ ఫ్రయ్యర్ ఫ్యాన్ మనకు సాయం చేస్తుంది, ఆరబెట్టడమే దాని పని కదా. 150 డిగ్రీల మీద మొదటి 8 నుంచి 10 నిమిషాలు తెరిచి ఉంచండి. పొర కట్టిందని కనిపించగానే ఫాయిల్ కప్పండి. పొర ఆరిపోయాక ఫాయిల్ దానికి అంటుకోదు. మిగతా 12 నుంచి 15 నిమిషాలు కప్పి ఉడికిస్తే లోపలిది నెమ్మదిగా కుదురుకుంటుంది.

ఫాయిల్ అంచులను టిన్ను అంచు కిందికి గట్టిగా మడవండి. ఇది చాలా ముఖ్యం. వదులుగా ఉంటే ఫ్యాన్ గాలికి లేచి కాయిల్‌కు తగులుతుంది. బేకింగ్ పేపర్ కూడా అంతే, టిన్ను అంచు దాటి పొడుగ్గా వదలకండి. ఖాళీ బుట్టలో ఒట్టి పేపర్ వేసి ప్రీహీట్ ఎప్పుడూ చేయొద్దు, అంటుకునే ప్రమాదం ఉంది.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. మన కిరాణా కొట్టు పంచదార పలుకులు పెద్దవి. విదేశీ వంటకాల్లో వాడేది సన్నటిది. మన పంచదార అలాగే వేస్తే గుడ్డులో సగం కరగదు, పొర రాదు. మిక్సీలో ఒక తిప్పు తిప్పి వేయండి. డబ్బాలో దొరికే ఐసింగ్ షుగర్ వద్దు, దానిలో సాధారణంగా మొక్కజొన్న పిండి కలిసి ఉంటుంది.

6 అంగుళాల చదరపు టిన్నుకు నా కొలతలు: వెన్న 60 గ్రాములు, డార్క్ చాక్లెట్ 85, పొడి చేసిన పంచదార 100, ఒక గుడ్డు, దానికి తోడు ఇంకో పచ్చసొన, మైదా 40, కోకో పొడి 10. ఉప్పు వెన్న వాడితే విడిగా ఉప్పు వద్దు. బేకింగ్ పౌడర్ అసలు వద్దు, పొంగితే అది కేకు వైపు వెళ్తుంది. మైదా వేశాక గరిటెతో కలిసేవరకే కలపండి. పుల్ల గుచ్చితే తడి ముక్కలు అంటుకోవాలి, పిండి కారకూడదు. తీసిన తర్వాత పూర్తిగా చల్లారేదాకా కోయొద్దు. మధ్యలో పచ్చిగా ఉందని చాలామంది అనుకునేది నిజానికి వేడి మీద కోసినందువల్ల వచ్చేది.

కరెంటు మాట
వంట సంగతి మీకే బాగా తెలుసు, నేను రెండు మాటలు చెప్పి వెళ్తాను. 1500 వాట్ల మెషీన్‌ను 230 వోల్టులతో భాగిస్తే 6.5 ఆంపియర్లు. చిన్న ప్లగ్ పాయింట్ 6 ఆంపియర్లది. దయచేసి 16 ఆంపియర్ల పవర్ పాయింట్‌లోనే పెట్టండి, ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఫ్రిజ్జుతో కలిపి వద్దే వద్దు. ఖర్చు లెక్క: 1500 వాట్లతో 25 నిమిషాలు ఆగకుండా నడిచినా 0.63 యూనిట్. థర్మోస్టాట్ మధ్యమధ్యలో ఆపుతుంది కాబట్టి ఇంకా తక్కువే. అదే వాటేజీ ఓటీజీ ప్రీహీట్‌తో కలిపి 40 నిమిషాలు నడిస్తే గరిష్ఠంగా 1 యూనిట్. ఈ తేడా కోసం ఏదీ కొననక్కర్లేదు, ఏదీ మానేయక్కర్లేదు.

డాలస్ నుంచి
మా ఇంట్లో బిల్టిన్ ఓవెన్ ఉంది. అయినా ఇద్దరికి చిన్న టిన్ను బ్రౌనీ కావాలంటే ఎయిర్ ఫ్రయ్యరే వాడతాం. అంత పెద్ద ఓవెన్ వేడెక్కేసరికి ఇక్కడ పని సగం అయిపోతుంది. టెక్సస్ ఎండల్లో ఇల్లంతా వేడెక్కదు కూడా. మా దగ్గర ఉన్న ఒకే ఇబ్బంది వాసన. ముందు రోజు చేపలు చేస్తే బ్రౌనీకి ఆ వాసన పట్టింది. బుట్ట ఒక్కటి కడిగితే చాలదు, చల్లారిన తర్వాత పైన కాయిల్ చుట్టూ ఉన్న నూనె జిడ్డు కూడా తడిగుడ్డతో తుడవాలి.

తణుకు తోట
మెషీన్ గురించి ఇంత మాట్లాడారు, లోపల వేసే చాక్లెట్ గురించి ఎవరూ గట్టిగా అనలేదు. దేశంలో కోకో ఎక్కువగా పండేది మన ఆంధ్రలోనే. మా వైపు కొబ్బరి, పామాయిల్ తోటల నీడలో వేస్తారు. అంత మంచి గింజ పండే చోట ఉండి, బ్రౌనీకి కాంపౌండ్ చాక్లెట్ వాడుతుంటే బాధగా ఉంటుంది. కాంపౌండ్‌లో కోకో బటర్ బదులు వేరే వెజిటబుల్ కొవ్వు ఉంటుంది. నోట్లో మైనంలా నిలిచిపోయేది అదే. ప్యాకెట్ వెనక కోకో బటర్ అని ఉందో లేదో చదవండి. ధర ఎక్కువే, కానీ 85 గ్రాముల దగ్గర ఆ తేడా పెట్టుకోదగినదే. ఓటీజీకి పెట్టే డబ్బులో ఎన్ని పలకల మంచి చాక్లెట్ వస్తుందో లెక్క వేసుకోండి.

బెజవాడ వంటిల్లు
అందరికీ చాలా థ్యాంక్స్. అల్యూమినియం టిన్ను తెచ్చుకున్నాను. ఇంకో రెండు అడుగుతాను. మా అత్తగారు గుడ్డు తినరు, ఆవిడకు ఎలా? మా అపార్ట్‌మెంట్‌లో ఒకరిద్దరు ఆర్డర్ ఇస్తామంటున్నారు, ఎయిర్ ఫ్రయ్యర్‌తో అది కుదురుతుందా?

మైదా కోకో
గుడ్డు లేకుండా మెత్తటి బ్రౌనీ వస్తుంది, ఆ మెరిసే పొర మాత్రం కష్టం. కండెన్స్‌డ్ మిల్క్‌తో చేయండి, పంచదార ఆ మేరకు బాగా తగ్గించండి. పెరుగు వేస్తే కేకులా అవుతుంది. గుడ్డు లేనిదానికి పొర రాదు కాబట్టి మొదటి నుంచే ఫాయిల్ కప్పేయండి, పైన ఎండిపోదు. చివరి 5 నిమిషాలు తీస్తే చాలు. అత్తగారి కోసమైతే విడి టిన్ను, విడి గరిటె పెట్టండి.

రెండు రాడ్లు
ఫాయిల్ తర్వాత కప్పే పద్ధతి నేనూ చేసి చూస్తాను, చెప్పిన కారణం సరిగ్గా ఉంది. ఇంటి వరకు మీకు ఓటీజీ అక్కర్లేదు, ఒప్పుకుంటాను. ఆర్డర్ల విషయంలో మాత్రం నా మాట మార్చను. ఒక్కో విడతకు చిన్న టిన్ను ఒక్కటే పడుతుంది. రెండు కిలోలు అడిగితే సాయంత్రమంతా దాని ముందే నిలబడాలి. మొదటి టిన్నుకు, చివరి టిన్నుకు తేడా వస్తుంది, ఎందుకంటే అప్పటికి మెషీన్ బాగా కాగి ఉంటుంది, అదే టైమ్ పెడితే చివరిది ఎండిపోతుంది. డబ్బు తీసుకున్నాక అందరికీ ఒకేలా ఇవ్వాలి కదండీ. అమ్మడం మొదలుపెడితే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ కూడా చేయించుకోండి, ఇంట్లో చేసి అమ్మేవాళ్లకూ అది వర్తిస్తుంది.

సీతమ్మ పిన్ని
ముందు ఆ ఒకరిద్దరికీ ఇచ్చి చూడమ్మా. వాళ్లు మళ్లీ అడిగితే అప్పుడు ఓటీజీ కొను, ఆ డబ్బు ఆర్డర్ల నుంచే వస్తుంది.

రెండు రాడ్లు
కొనేటప్పుడు 25 లీటర్లకు తగ్గకుండా చూడండి పిన్నిగారూ. మరీ చిన్న ఓటీజీల్లో రాడ్లు టిన్నుకు దగ్గరగా ఉండి, మళ్లీ ఇదే గొడవ మొదలవుతుంది.