ట్రాక్ మీదికి షూస్, గ్లవ్స్ ఎలాంటివి తీసుకోవాలి?

నెల్లూరు నుంచి: అన్నా, వచ్చే నెల శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌కి కారు తీసుకెళ్తున్నా. రన్నింగ్ షూస్, బైక్ గ్లవ్స్ సరిపోతాయా?

ఒంగోలు నుంచి: రన్నింగ్ షూస్ వద్దు తమ్ముడూ. కింద మెత్తటి ఫోమ్ ఉంటే బ్రేక్ ఎంత నొక్కుతున్నావో పాదానికి తెలియదు, సోల్ అంచులు వెడల్పుగా ఉంటే పక్క పెడల్‌కి తగులుతాయి. పల్చటి రబ్బరు సోల్, గుండ్రటి మడమ ఉన్నవి చూడు.

కావలి నుంచి: నైలాన్, పాలిస్టర్ అసలు వేసుకోకు, మంట తగిలితే కరిగి చర్మానికి అతుక్కుంటాయి. సాక్సుల దగ్గర చాలామంది ఇది పట్టించుకోరు, అదే నా బాధ. రేసుకైతే నోమెక్స్ లాంటి మంట తట్టుకునే గుడ్డతో చేసింది, ఎఫ్‌ఐఏ (ప్రపంచ కార్ రేసింగ్ సంస్థ) వాళ్ల 8856-2018 భద్రతా ప్రమాణం లేబుల్ ఉన్నదే కొను. గ్లవ్స్ కుట్లు బయటికి ఉండాలి, లోపలికుంటే వేళ్లు ఒరుసుకుంటాయి.

నెల్లూరు నుంచి: సాక్సుల సంగతి తట్టనేలేదన్నా. గ్లవ్స్ సైజు?

ఒంగోలు నుంచి: తొడుక్కుని పిడికిలి బిగించు. వేళ్ల చివర గుడ్డ మిగలకూడదు.