కంపెనీ ఖర్చులకు సొంత క్రెడిట్ కార్డా, వ్యాపార కార్డా?

అందరికీ నమస్కారం. విజయవాడలో నేనూ మా తమ్ముడూ డైరెక్టర్లుగా రెండేళ్లుగా చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ నడుపుతున్నాం. అట్టపెట్టెలు తయారుచేస్తాం. ప్రకటనలు, సాఫ్ట్‌వేర్, ప్రయాణాలు కలిపి నెలకు 90 వేల దాకా నా సొంత క్రెడిట్ కార్డుతోనే కట్టి, తర్వాత కంపెనీ ఖాతా నుంచి తీసుకుంటున్నాను. బిల్లులు కంపెనీ జీఎస్‌టీ నంబరుతోనే ఉంటాయి కాబట్టి ఇన్‌పుట్ క్రెడిట్‌కు (కొనుగోళ్లపై కట్టిన జీఎస్‌టీని మేం కట్టాల్సిన జీఎస్‌టీలో తగ్గించుకోవడానికి) ఇబ్బంది రాలేదు.

నా భయం వేరు. కార్డు చెల్లింపులు ఏడాదికి 10 లక్షలకు చేరితే బ్యాంకు ఆదాయపు పన్ను శాఖకు తెలియజేస్తుంది. నేను తీసుకునే జీతమేమో నెలకు 50 వేలే. రేపు నోటీసు వస్తే ఈ ఖర్చు నాది కాదని చూపడానికి ఏ కాగితాలు దగ్గర ఉంచుకోవాలి? పైగా 2 లక్షల పరిమితిలో దాదాపు సగం ప్రతినెలా వాడేస్తున్నాను, సిబిల్ స్కోరు తగ్గింది. వచ్చే ఏడాది ఇంటి రుణానికి వెళ్లాలి, అదే నిద్ర పట్టనివ్వడం లేదు.

వ్యాపార కార్డు అడిగితే బ్యాంకువారు ఫిక్స్‌డ్ డిపాజిట్‌తో పాటు మా ఇద్దరి వ్యక్తిగత హామీ కూడా కావాలంటున్నారు. హామీ నాదే అయినప్పుడు ఆ బాకీ నా సిబిల్ నివేదికలోకీ వస్తుందా? డిపాజిట్ లేకుండా కార్డు తెచ్చుకున్న చిన్న కంపెనీలవారు ఉంటే ఎలా సాధించారో దయచేసి చెప్పండి.