టెక్సాస్ ప్రైమరీలో తప్పు బ్యాలెట్ తీసుకున్నాను, రిపబ్లికన్ రన్‌ఆఫ్‌లో ఓటు ఉంటుందా?

ఫ్రిస్కో కొత్త ఓటరు:
అందరికీ నమస్కారం. సిటిజన్‌షిప్ వచ్చి ఏడాది అయింది, ఇదే నా మొదటి ప్రైమరీ (పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక). నిన్న ముందస్తు ఓటింగ్‌కి వెళ్తే టేబుల్ దగ్గర "ఏ పార్టీ?" అని అడిగారు. ఇలా అడుగుతారని తెలియదు. కంగారులో ముందున్నాయన చెప్పిందే నేనూ చెప్పాను, డెమొక్రాటిక్ బ్యాలెట్ ఇచ్చారు. సెనేట్‌కి పోటీపడే డెమొక్రాట్లు టలారికో, క్రాకెట్ పేర్లు చూశాకగానీ విషయం అర్థం కాలేదు. అప్పటికీ అడగడానికి మొహమాటపడి ఓటు వేసి వచ్చేశాను. నిజానికి నా మొగ్గు రిపబ్లికన్ల వైపు. బావకి చెబితే ఒకటే తిట్లు. అటువైపు సెనేట్ సీటుకి కార్నిన్, పాక్స్‌టన్, హంట్ ముగ్గురూ గట్టిగా ఉన్నారు, 2026 మార్చి 3న ఎవరికీ సగం ఓట్లు దాటకపోతే మే 26న మొదటి ఇద్దరి మధ్య మళ్లీ ఓటింగ్, అదే రన్‌ఆఫ్ అంటున్నారు. అప్పుడైనా నేను వేయొచ్చా? మా ఆవిడ ఇంకా వేయలేదు. అమ్మకి గ్రీన్ కార్డు ఉంది. హెచ్1బీ మీద ఉన్న తమ్ముడు ప్రచారానికి వెళ్తానంటున్నాడు. టెన్షన్‌గా ఉంది.

ప్లేనో పాతకాపు:
ఈసారికి మీకు ఆ రన్‌ఆఫ్ లేదండీ. టెక్సాస్‌లో ఓటరుగా నమోదయ్యేటప్పుడు పార్టీ రాయించుకోవడం ఉండదు. ప్రైమరీలో ఏ బ్యాలెట్ తీసుకుంటే ఆ ఏడాదికి ఆ పార్టీ వాళ్ల కిందే లెక్క. డెమొక్రాటిక్ ప్రైమరీలో ఓటేసినవాళ్లు మేలో డెమొక్రాటిక్ రన్‌ఆఫ్‌లోనే వేయాలి. నవంబరులో మాత్రం ఈ కట్టు లేదు, ఎవరికి నచ్చినట్టు వాళ్లు వేసుకోవచ్చు. పైగా ఇది ఏడాదితోనే పోతుంది, రెండేళ్ల తర్వాత మళ్లీ మీ ఇష్టం.

మీ ఆవిడ సంగతి వేరు. మార్చిలో అసలు వేయకపోతే మేలో ఏదో ఒక పార్టీ రన్‌ఆఫ్‌కి వెళ్లొచ్చు. కానీ అలా వదిలేయకండి. ఆ బ్యాలెట్ మీద సెనేట్ ఒక్కటే కాదు, జడ్జీలు, కౌంటీ పదవులు, మీ ప్రిసింక్ట్ (పోలింగ్ ప్రాంతం)లో పార్టీ బాధ్యుడైన చైర్ దాకా ఉంటాయి. చివర్లో పార్టీ అడిగే సలహా ప్రశ్నలు కొన్ని ఉంటాయి. వాటికి అవునన్నా కాదన్నా చట్టం మారదు, పార్టీ నాడి తెలుస్తుందంతే.

హ్యూస్టన్ అక్క:
మీ బావగారు ఊరికే తిట్టలేదు తమ్ముడూ. 1994 తర్వాత రాష్ట్రమంతటా ఓట్లేసే ఏ పదవినీ ఇక్కడ డెమొక్రాట్లు గెలవలేదు. అందుకే కన్జర్వేటివ్‌ల అసలు కొట్లాట ప్రైమరీలోనే తేలిపోతుంది. కార్నిన్ 2002లోనే సెనేట్‌కి గెలిచిన మనిషి. 2022లో ఉవాల్డీ స్కూలు కాల్పుల తర్వాత తుపాకుల బిల్లుకి రాజీ కుదిర్చారని హ్యూస్టన్‌లో పార్టీ మహాసభలోనే సొంతవాళ్లు గోల చేసి అరిచారు. రాష్ట్ర అటార్నీ జనరల్‌గా ఉన్న పాక్స్‌టన్‌ని 2023లో రిపబ్లికన్ల చేతిలో ఉన్న రాష్ట్ర హౌసే 121-23తో అభిశంసించింది, తర్వాత రాష్ట్ర సెనేట్ నిర్దోషి అంది. అంటే ఇది రెండు పార్టీల గొడవ కాదు, ఒకే ఇంట్లో ఆస్తి పంపకాల గొడవ లాంటిది. తలుపులు తట్టేవాళ్లు కూడా అవతలి పార్టీని తిట్టరు, "మా వాడే అసలైన కన్జర్వేటివ్" అంటారు. రెండు వైపుల మాటా వినండి, పాంప్లెట్ చూసి ఓటేయకండి.

ప్లేనో పాతకాపు:
రన్‌ఆఫ్‌కి ఎవరు వెళ్తారులే అనుకుంటారు. 2012లో టెక్సాస్ సెనేట్ సీటుకి జరిగిన రిపబ్లికన్ పోటీ గుర్తు చేసుకోండి. లెఫ్టినెంట్ గవర్నర్ డ్యూహర్స్ట్‌కి సొంత డబ్బుంది, గవర్నర్ పెర్రీ మద్దతుంది. ప్రైమరీలో దాదాపు 45 శాతం తెచ్చుకున్నారు, టెడ్ క్రూజ్‌కి 34 శాతమే. సగం దాటలేదు కాబట్టి జులై 31న మండుటెండల్లో రన్‌ఆఫ్ పెట్టారు. ప్రైమరీకి సుమారు 14 లక్షల మంది వస్తే దీనికి 11 లక్షలే వచ్చారు. ఆ వచ్చినవాళ్లలో టీ పార్టీ (పన్నులు, ప్రభుత్వ ఖర్చు తగ్గాలనే కన్జర్వేటివ్ ఉద్యమం) వాళ్ల పట్టుదల ఎక్కువ. క్రూజ్ దాదాపు 57 శాతంతో గెలిచారు. ముందున్నవాడు వెనకబడటం ఇలాగే జరుగుతుంది.

అట్లాంటా బాబాయ్:
మిసిసిపీలో 2014 రిపబ్లికన్ సెనేట్ ప్రైమరీలో దీనికి తిరగేసి జరిగింది. జూన్ 3న టీ పార్టీ మద్దతున్న మెక్‌డేనియల్, సిట్టింగ్ సెనేటర్ కాక్రన్ కన్నా 1,500 లోపు ఓట్లతో ముందున్నా సగం దాటలేదు. మూడు వారాలకి రన్‌ఆఫ్ పెడితే జనం తగ్గకపోగా పెరిగారు. కాక్రన్ వర్గం డెమొక్రాట్లలో నల్లజాతి ఓటర్లను కూడా కదిలించి 7,600 పైచిలుకు ఓట్లతో బయటపడింది. అక్కడా మీ రూలే, జూన్‌లో డెమొక్రాటిక్ ప్రైమరీలో వేసినవాళ్లు రన్‌ఆఫ్‌లో ఇటు రాకూడదు. మెక్‌డేనియల్ వాళ్లు సరిగ్గా ఆ పాయింటు మీదే గొడవ చేశారు. కానీ గడువు దాటాక ఫిర్యాదు చేశారని కేసు నిలబడలేదు. కాబట్టి మేలో వెళ్లి "అడిగి చూద్దాం" అనుకోవద్దు. రికార్డు వాళ్ల దగ్గరే ఉంటుంది.

ఫ్రిస్కో కొత్త ఓటరు:
అర్థమైంది, నేను ఔట్. మరి అమ్మ, తమ్ముడు?

హ్యూస్టన్ అక్క:
అమ్మగారు ఓటు వేయకూడదు. గ్రీన్ కార్డుతో ఓటేస్తే కేసే కాదు, రేపు సిటిజన్‌షిప్‌కి కూడా ముప్పు. ఎవరైనా ఫారం చేతిలో పెట్టి సంతకం చేయమన్నా చేయించకండి. చందా ఇవ్వాలనుకుంటే మాత్రం ఇవ్వొచ్చు. 2025-26కి ఫెడరల్ పరిమితి ఒక అభ్యర్థికి ఒక్కో ఎన్నికకు 3,500 డాలర్లు. ప్రైమరీ, రన్‌ఆఫ్, నవంబరు వేర్వేరు లెక్కలు.

తమ్ముడు చందా ఇవ్వకూడదు, ఒక్క డాలరు కూడా. అన్న ఇచ్చిన డబ్బు వాడి పేరున, వాడి డబ్బు అన్న పేరున తిప్పడం అసలే వద్దు. జీతం లేకుండా తలుపులు తట్టొచ్చు, ఫోన్లు చేయొచ్చు. ప్రచారం ఎలా నడపాలన్న నిర్ణయాల్లో మాత్రం వేలు పెట్టకూడదు. పెట్రోలు ఖర్చు, భోజనం అని ఏమన్నా ఇస్తామంటే నేనైతే వద్దనమంటాను.

ఫ్రిస్కో కొత్త ఓటరు:
థాంక్స్ అక్కా. ఇంకోటి, మొన్నటి నుంచి డెమొక్రాట్ల మెసేజ్‌లు తెగ వస్తున్నాయి. నేను ఎవరికి వేశానో వాళ్లకి తెలిసిపోయిందా?

ప్లేనో పాతకాపు:
ఎవరికి వేశారో తెలియదు. ఏ పార్టీ బ్యాలెట్ తీసుకున్నారో మాత్రం పబ్లిక్ రికార్డు. ప్రచారాలు ఆ జాబితా చూసే ఫోన్లు చేస్తాయి. ఏడాదంతా వస్తూనే ఉంటాయి, ఓర్చుకోవాలి.

మీ ఆవిడ వెళ్లేటప్పుడు డ్రైవింగ్ లైసెన్సో పాస్‌పోర్టో తీసుకెళ్లమనండి. ఓటు వేసేచోట ఫోన్ వాడనివ్వరు, కాబట్టి పేర్లు కాగితం మీద రాసుకోవాలి. ముందస్తు ఓటింగ్ ఫిబ్రవరి 27తో అయిపోతుంది. తర్వాత మార్చి 3న వెళ్లాలంటే కౌంటీలో ఎక్కడైనా వేయొచ్చా, మీ ప్రిసింక్ట్‌లోనే వేయాలా అన్నది ముందే కౌంటీ ఎన్నికల ఆఫీసులో అడగండి, అన్ని కౌంటీలూ ఒకలా లేవు.

ఫ్రిస్కో కొత్త ఓటరు:
రేపు లంచ్ టైంలో తనని తీసుకెళ్తున్నాను. "ఏ పార్టీ?" అని అడిగితే ఏం చెప్పాలో కారులోనే రెండుసార్లు చెప్పిస్తాను.