అప్‌డేట్: ఈత రాకపోయినా రాఫ్టింగ్‌కి పోయొచ్చినాను

ఈత రాదు, రిషికేశ్‌లో రాఫ్టింగ్ (రబ్బరు పడవలో తెడ్లేసుకుంటూ వేగంగా పారే నదిలో పోవడం) చేయొచ్చా అని ఇక్కడ అనంతపురం నుంచి అడిగింది నేనే. శివపురి నుంచి రిషికేశ్ దాకా, సుమారు 16 కిలోమీటర్లు గంగలో పోయొచ్చినాను. ధైర్యం చెప్పిన అందరికీ థ్యాంక్స్.

బాగా పనికొచ్చింది ఒక అక్క చెప్పిన మాట: లైఫ్ జాకెట్ వేసుకున్నాక భుజాల దగ్గర పట్టుకుని ఎవరితోనైనా పైకి లాగించి చూడు, చెవుల దాకా లేస్తే వదులుగా ఉన్నట్టే. నాది నిజంగానే లేచింది. గైడు పక్క పట్టీలన్నీ బిగించినాడు. కాస్త ఇరుకనిపించినా అట్లే ఉండాల.

నీళ్లలో పడితే వెల్లకిలా తేలుతూ కాళ్లు ప్రవాహం పోయే వైపు చాపి, కాలివేళ్లు పైకి పెట్టుకోవాల. లేచి నిలబడొద్దు, రాళ్ల సందులో పాదం ఇరుక్కుంటే ఆ వేగానికి మనిషి మునిగిపోతాడు. ఇది ఒక్కటి మాత్రం కొత్తవాళ్లు దయచేసి గుర్తుపెట్టుకోండి.

‘ఫార్వర్డ్’ (ముందుకు తెడ్డెయ్యండి) అని గైడు అరిచినప్పుడు భయపడి తెడ్డు ఆపొద్దు. తెడ్డు నీళ్లలో ఉంటేనే పడవకూ మనకూ నిలకడ. తెడ్డు పైకొనలో ఉండే పిడి మీద చెయ్యి వదిలితే అది పక్కవాళ్ల పళ్లకు తగుల్తుంది.

జూలై, ఆగస్టు వరదల్లో రిషికేశ్‌లో రాఫ్టింగ్ ఆపేస్తారు, చూసుకుని టికెట్లు తీసుకోండి. అంత దూరం వద్దనుకుంటే కర్ణాటకలో దాండేలి దగ్గర కాళీ నది ఉంది.