ఐఎస్ఐ బీస్టాట్ రాతపరీక్షకూ ఇంటర్వ్యూకూ ఇంటర్ విద్యార్థి ఎలా సిద్ధపడాలి?

కావలి తండ్రి:
మా అమ్మాయి నెల్లూరులో ఒక కార్పొరేట్ కళాశాల హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు గారు పనిచేసిన సంస్థ అని తెలుసుకుని, కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్ఐ)లోనే బీస్టాట్, అంటే గణాంక శాస్త్రంలో డిగ్రీ, చేస్తానని పట్టుబట్టి కూర్చుంది. రాతపరీక్ష తరువాత ఇంటర్వ్యూ కూడా ఉంటుందని విన్నప్పటి నుంచి నాకు దిగులు పట్టుకుంది. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివిన పిల్ల, కొత్తవారి ముందు నోరు విప్పడానికే జంకుతుంది. కళాశాలలో అడిగితే, అవన్నీ ఎందుకు, జేఈఈ మీద దృష్టి పెట్టమనండి అన్నారు. దీనికి విడిగా ఏం చదవాలో తెలిసినవారు చెప్పగలరు.

పెన్నాతీరం:
రాతపరీక్ష రెండు భాగాలుగా, ఒక్కొక్కటి రెండు గంటలు జరుగుతుంది. మొదటి దానిలో 30 బహుళైచ్ఛిక ప్రశ్నలు ఉంటాయి. రెండవ దానిలో 8 ప్రశ్నలకు సాధన పూర్తిగా రాయాలి. మొదటి భాగంలో సరైన జవాబుకు 4 మార్కులు, వదిలేస్తే 1, తప్పు రాస్తే సున్నా. నాలుగు జవాబుల్లో ఒకదాన్ని గుడ్డిగా గుర్తిస్తే సగటున వచ్చేదీ ఒక్క మార్కే కనుక, ఎంసెట్‌లో చేసినట్టు చివరి అయిదు నిమిషాల్లో అన్నీ నింపేయడం వల్ల లాభం లేదు. ఒక్క జవాబునైనా ఖాయంగా కొట్టివేయగలిగినప్పుడే ఊహించడం గిట్టుబాటు. పాత ప్రశ్నపత్రాలు సంస్థ వెబ్‌సైటులోనే ఉన్నాయి.

గుండ్లకమ్మ (ఒంగోలు, విశ్రాంత గణిత అధ్యాపకుడు):
పై వివరాలు సరైనవే గానీ, మన పిల్లలు చతికిలపడేది రెండవ భాగంలో. షార్ట్‌కట్‌లతో జవాబు రాబట్టడమే రెండేళ్లూ నేర్పుతాము. అది ఎందుకు నిజమో నాలుగు వాక్యాల్లో రాయమంటే పెన్ను కదలదు. ఇంటర్ పుస్తకాల్లో దాదాపు కనిపించని సంఖ్యా సిద్ధాంతం, అసమానతలు కూడా విడిగా చదవాలి.

ఒక ఉదాహరణ చెబుతాను. 3 కంటే పెద్దదైన ఏ ప్రధాన సంఖ్య వర్గం నుంచైనా 1 తీసివేస్తే, మిగిలినది 24తో నిశ్శేషంగా భాగింపబడుతుందని చూపమన్నారనుకోండి. 5, 7, 11 వేసి చూసి సరిపోయిందనడం నిరూపణ కాదు. ఆ మిగిలినది, ప్రధాన సంఖ్యకు ముందున్న సంఖ్యకూ తరువాతి సంఖ్యకూ లబ్ధం. అవి రెండూ వరుస సరిసంఖ్యలు కనుక వాటిలో ఒకటి 4కు గుణిజం, లబ్ధం 8కి గుణిజం. వరుసగా వచ్చే మూడు సంఖ్యల్లో ఒకటి 3కు గుణిజం కావాలి. మధ్యది కాదు కనుక అటుదో ఇటుదో అయి తీరాలి. అలా లబ్ధం 8కీ 3కూ గుణిజం కనుక 24కూ గుణిజమే. ఇంటర్వ్యూలో అయితే ఇక్కడితో వదలరు, అది ప్రధాన సంఖ్యే కానక్కరలేదా అని అడుగుతారు. 2తోనూ 3తోనూ భాగింపబడకపోతే చాలునని, 35 వర్గంలో 1 తీసివేస్తే వచ్చే 1224ను 24 పెట్టి భాగిస్తే 51 వస్తుందని అమ్మాయి తనంతట తాను చెప్పగలిగితే, ఆమె ఇంగ్లీషు ఎలా ఉందో ఎవరూ పట్టించుకోరు.

రోజుకు ఒక్క లెక్క మీ ఎదుట నిలబడి, చేస్తున్నది పైకి చెబుతూ చేయమనండి. మీకు అర్థం కాని చోట ‘ఎందుకమ్మా?’ అని అడగండి, మీరు లెక్కలు చదివి ఉండనవసరం లేదు. ఇంటర్వ్యూలో తోచనప్పుడు మౌనంగా ఉండిపోకుండా ఎక్కడ ఆగిందో చెబితే వారే చిన్న సూచన ఇస్తారు, దాన్ని అందుకోవడం కూడా వారు చూసేదే.

సింహపురి:
మాస్టారితో ఏకీభవిస్తాను. అయితే ఒక్క పరీక్షనే నమ్ముకోవద్దు. చెన్నై దగ్గర సిరుసేరిలో ఉన్న చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రవేశపరీక్షలోనూ నిరూపణలు రాయిస్తారు, బీఎస్సీకి ఇంటర్వ్యూ లేదు. ఒక చదువుతోనే రెండూ రాయవచ్చు, నెల్లూరు నుంచి చెన్నైకి రైల్లో పూటలో చేరుకోవచ్చు కూడా.

కావలి తండ్రి:
అందరికీ కృతజ్ఞతలు. మాస్టారూ, హాస్టల్లో రాత్రి పది వరకు స్టడీ అవర్లే. ఆదివారం ఔటింగ్‌కు ఇంటికి వచ్చినప్పుడు మాత్రమే ఎదుట నిలబెట్టి చెప్పించగలను. అది సరిపోతుందా?

గుండ్లకమ్మ:
చాలదు. మిగతా రోజుల్లో గదిలోని స్నేహితురాలికి చెప్పమనండి. ఆ అమ్మాయి బైపీసీ అయితే మరీ మంచిది, ప్రతి అడుగూ విడమరచి చెప్పక తప్పదు.