గడ్డి లాన్ తీసేసి క్లోవర్ వేస్తే తేనెటీగలకు నిజంగా మేలా?

వానచినుకు: ఇంటి ముందు లాన్‌లో గడ్డి మొత్తం తీసేసి తెల్ల క్లోవర్ (నేల మీద పాకే మూడాకుల చిన్న మొక్క) వేద్దామని ఉంది. తేనెటీగలకు మంచిదంటున్నారు. వేసినవాళ్లు చెప్పండి, కోత పని తగ్గుతుందా, పిల్లలు ఆడుకుంటే తట్టుకుంటుందా?

తేనెపట్టు: వేసేయండి. నా దగ్గర ఐదేళ్లుగా క్లోవరే. ఇది కంది, పెసర కుటుంబం మొక్క. వేళ్ల బుడిపెల్లో ఉండే రైజోబియం బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది కాబట్టి యూరియా గొడవే ఉండదు. నమ్మకం కుదరకపోతే ఒక మొక్క పీకి, మట్టి కడిగి, ఆవగింజంత బుడిపెను గోటితో చీల్చండి. లోపల గులాబీ రంగు కనిపిస్తే అది పనిలో ఉన్నట్టు. ఇక పువ్వు సంగతి. మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి చిట్టి పూల గుత్తి. తేనెటీగ వాలి పని ముగించిన పూలు కిందికి వాలి గోధుమరంగుకు తిరుగుతాయి, ఇంకా ముట్టనివి పైన తెల్లగా నిలబడి ఉంటాయి. పొద్దున్నే పక్కన కూర్చుంటే ఏ గుత్తిలో ఎంత పని అయిందో చెప్పేయొచ్చు. గడ్డిలో వాటికి ఏముంది? అది గాలి మీద ఆధారపడే మొక్క, పైగా దాన్ని పూత రాకముందే కోసేస్తాం.

నున్నటిలాన్: క్లోవర్ కలుపు. కలుపును కొని మరీ చల్లుకోమంటున్నారా? పిల్లలు పరుగెత్తే చోట నాలుగు రోజుల్లో నలిగిపోతుంది. చలి ఎక్కువైన చోట ఆకు చచ్చి మట్టి తేలుతుంది, ఆ తర్వాత బురదే.

తేనెపట్టు: కలుపని ఎవరన్నారు? ఒకప్పుడు లాన్ విత్తనాల మిశ్రమంలో క్లోవర్‌ను కావాలనే కలిపేవాళ్లు. 1940ల మధ్యలో 2,4-డి అనే కలుపుమందు వచ్చింది. అది గడ్డిని వదిలేసి వెడల్పాకు మొక్కల్ని చంపుతుంది. క్లోవర్‌దీ వెడల్పాకే కాబట్టి మిగతావాటితో పాటు అదీ పోయింది. మందుకు చచ్చింది కాబట్టి కలుపు అయింది, అంతే.

నున్నటిలాన్: నాకు అక్కర్లేని చోట మొలిస్తే అది కలుపే. చరిత్ర చెబితే మారదు.

మట్టిగూడు: మీరిద్దరూ ఆ ఒక్క మాట పట్టుకున్నారు గానీ, తేనెటీగ అంటే పెట్టెల్లో పెంచేది ఒక్కటే కాదండీ. 20,000కు పైగా జాతులున్నాయి, వాటిలో ఎక్కువ భాగం ఒంటరిగా బతికేవి, చాలావరకు మట్టిలోనే బొరియ తవ్వి గుడ్లు పెట్టేవి. నేలంతా ఒకే మొక్కతో దట్టంగా కప్పేస్తే వాటికి చోటెక్కడ? గడ్డి పోయి క్లోవర్ వచ్చినా ఒకటే మొక్క కదా. కొంచెం ఖాళీ మట్టి, వేర్వేరు నెలల్లో పూసే నాలుగు రకాలు ఉంటే అదే పెద్ద మేలు.

గడపముందు: మా పాప చెప్పుల్లేకుండా పరుగెత్తితే అరికాల్లో తేనెటీగ కుట్టింది. అప్పటినుంచి పూత కనపడగానే కోసేస్తున్నాం.

మట్టిగూడు: అప్పుడిక తేనెటీగలకు మిగిలేదేమిటండీ? ఆడుకునే చోట గడ్డి ఉంచి, ఎవరూ నడవని పక్కన క్లోవర్ పూయనివ్వండి.

తేనెపట్టు: నున్నటిలాన్ గారూ, మీ అసలు బాధ పచ్చటి తివాచీ పాడవుతుందనే కదా? చూపు కోసం జీవాల్ని మాడ్చడం మీకు తప్పనిపించదా?

నున్నటిలాన్: చూపు కోసమా? సరే, చెప్తాను. మా నాన్నగారికి పక్షవాతం వచ్చాక డాక్టరు నడవమన్నారు. మూడేళ్లు కష్టపడి ఎత్తుపల్లాలు సరిచేసి ఆ లాన్ పెంచాను, ఆయన రోజూ పొద్దున కర్ర పట్టుకుని నడిచేది దాని మీదే. పక్కింటాయన మీలాగే తేనెటీగలని చెప్పి క్లోవర్ వేశారు. అది నేల మీద పాకే కాడలతో, కణుపు కణుపుకీ వేరు దింపుకుంటూ కంచె కింద నుంచి మా వైపుకి వచ్చేసింది. వాన వెలిసిన పొద్దున ఆ తడి ఆకుల మీద నాన్నగారు జారి పడ్డారు. తుంటి విరిగింది. పక్కింటాయన మంచి పనే చేశాడు, కాదనను. నన్నొక మాట అడగాలి కదా? మీ మంచితనం మా కంచె దాటి వస్తే నేనేం చేయాలి? మందు కొట్టాను. మళ్లీ వస్తే మళ్లీ కొడతాను.

తేనెపట్టు: నాన్నగారి సంగతి నాకు తెలియదు. ఆ మాట అనకుండా ఉండాల్సింది, క్షమించండి. కానీ మందు కూడా కంచె దాటుతుందండీ. రెండేళ్ల క్రితం మా పక్కవాళ్లు లాన్ పురుగుకు మందు కొట్టారు, అందులో క్లోవర్ పూత మీదుంది. మూడో రోజు పెట్టె ముందు గుప్పిళ్లకొద్దీ తేనెటీగలు పడి గిరగిరా తిరుగుతున్నాయి, లేచే శక్తి లేదు. చీపురుతో ఊడ్చాను. నన్నూ ఎవరూ అడగలేదు. కొట్టేముందు పూత కోసి పడేసినా, ముందు రోజు నాకు చెప్పినా సరిపోయేది.

నున్నటిలాన్: అది తప్పే. నేను మందు కొట్టేముందు పూత కోయలేదు, అది నిజం. మా పక్కింటాయన కంచె వారగా మూరెడు ఖాళీ వదిలి, పాకే కాడల్ని అప్పుడప్పుడు తెంపుతానని ఒక్క మాట అని ఉంటే మందు దాకా వెళ్లేవాణ్ణే కాదు.

మైదానం: పూలు తక్కువగా పూసే మైక్రోక్లోవర్ ఉందిగా, పిల్లలున్న ఇంటికి అది వేయొచ్చు.

మట్టిగూడు: పూలు తక్కువైతే మేలూ తక్కువే.

వానచినుకు: అందరికీ థాంక్స్. పిల్లలు ఆడే మధ్య భాగం గడ్డే ఉంచేస్తాను. క్లోవర్ ఒక పక్కనే, కంచెకు మూరెడు ఇవతల ఆపేస్తాను, మూలన కొంత మట్టి ఖాళీగా వదుల్తాను. విత్తనం కొనేముందు పక్కింటి పెద్దావిణ్ణి అడుగుతాను, ఆవిడకీ కర్ర ఉంది. ఆ పక్క భాగంలో గడ్డి తవ్వాలా, దాని మీదే చల్లొచ్చా?

తేనెపట్టు: తవ్వక్కర్లేదు. గడ్డిని బాగా పొట్టిగా కోసి, మట్టి కనపడేదాకా దంతెతో గీరి చల్లండి. విత్తనం చాలా సన్నం, కాస్త ఇసుకలో కలిపితే సమంగా పడుతుంది. లోతుగా కప్పొద్దు, మొలిచేదాకా తడి ఆరనివ్వొద్దు. పెద్దావిడ వద్దంటే మాత్రం ఆ పక్క వదిలేయండి.